తైవాన్ పంపు మొరాయిస్తోందా? ప్లగ్గు మార్చే ముందు ఆ స్పాంజి ముక్క చూడండి

మందు కలిపారు. ట్యాంకు నిండా పోసి వీపున వేసుకున్నారు. తాడు లాగితే ఇంజిన్ స్టార్ట్ అయింది. తీరా నాలుగు సాళ్లు కొట్టేసరికి బుస్సుమంటూ శబ్దం మారిపోయింది. రేస్ ఇస్తే అందుకోదు, నల్ల పొగ కక్కుతుంది, గన్‌లో నుంచి మందు తుంపరగా రావాల్సింది ధారగా కారుతుంది. గుంటూరు, ప్రకాశం, పల్నాడు, బాపట్ల జిల్లాల్లో మిర్చి, పత్తి వేసిన ఏ ఊరికి వెళ్లినా ఈ మాట వినిపిస్తుంది. వెంటనే ప్లగ్గు మారుస్తారు. తగ్గకపోతే కార్బొరేటర్ విప్పుతారు. అదీ కాకపోతే రిపేరు షాపుకు మోసుకెళ్తారు. చాలాసార్లు అసలు దోషి మాత్రం ఇంజిన్ పక్కన ప్లాస్టిక్ మూత కింద దాక్కుని ఉంటుంది. అదే ఎయిర్ ఫిల్టర్. అరచేతిలో ఇమిడిపోయే చిన్న స్పాంజి ముక్క.

దీన్ని శుభ్రం చేయడానికి పట్టే టైమ్ పావుగంట. ఆరడానికి ఇంకొంచెం. కానీ వదిలేస్తే పోయేది మాత్రం పిస్టన్, రింగులు, బోరు. అంతకంటే ముందు పోయేది మందు కొట్టే అదును.

అదును తప్పితే ఏమవుతుందో ఈ రైతులకు తెలుసు

2021-22 సీజన్‌లో నల్ల తామర పురుగు మిర్చిని ఎలా ఊడ్చేసిందో ఇక్కడెవరూ మర్చిపోలేదు. పూతలో దూరి రసం పీల్చే పురుగు అది. పూత రాలింది, కాయ కట్టలేదు. చాలామంది తోటలు మధ్యలోనే వదిలేసుకున్నారు. అప్పటి నుంచి చేలో ఆకు ముడుచుకున్నా, పూతలో పురుగు కనిపించినా రైతు ఆగడం లేదు. ఆ రోజు పంపు పనిచేయాల్సిందే. ఎకరాల లెక్కన తోట ఉన్నవాళ్లు ఇంజిన్‌తో నడిచే హెచ్‌టీపీ పంపు పెట్టి పొడవాటి పైపుతో కొట్టిస్తారు. చిన్న రైతులు, ట్యాంకు లెక్కన డబ్బులు తీసుకుని మందు కొట్టే కూలీలు ఇప్పటికీ వీపున మోసే తైవాన్ పంపునే నమ్ముకున్నారు. డ్రోన్లు వచ్చాయి కదా అంటారా? వచ్చాయి. వాటికి ఎయిర్ ఫిల్టర్ గొడవ కూడా లేదు. కానీ అరెకరం, ముప్పావు ఎకరం మడికి, అదీ పురుగు కనిపించిన మర్నాడే కావాలంటే డ్రోన్ ప్రతిసారీ దొరకదు.

కూలికి కొట్టేవాళ్ల సంగతి ఇంకా కష్టం. ఇంజిన్ ఆగిన రోజు వాళ్లకు కూలీ లేదు. పైగా రిపేరు ఖర్చు వాళ్లదే.

ఇంజిన్ తాగేది పెట్రోలు కాదు, గాలి

ఈ మాట వింటే కొంచెం విడ్డూరంగా ఉంటుంది. లెక్క చూడండి. ఒక కిలో పెట్రోలు పూర్తిగా కాలాలంటే దాదాపు 14.7 కిలోల గాలి కావాలి. లీటరు పెట్రోలు బరువు ముప్పావు కిలోకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. అంటే లీటరు పెట్రోలు కాలేలోపు ఇంజిన్ సుమారు 11 కిలోల గాలి పీల్చుకుంటుంది. లీటర్లలో చెప్పాలంటే 9 వేల లీటర్ల పైమాటే. మన ఇళ్ల మీద ఉండే వెయ్యి లీటర్ల నీళ్ల ట్యాంకులు తొమ్మిది నింపేంత గాలి. అదంతా ఆ స్పాంజి ముక్కలోంచే వెళ్లాలి.

ఆ గాలిలో ఏముందన్నదే ప్రశ్న. తడిసినప్పుడు బంకలా పట్టుకునే నల్లరేగడి, ఎండితే పిండిలా లేస్తుంది. అందులో కంటికి కనపడని ఇసుక రేణువులుంటాయి. రాయి, లోహం గట్టిదనాన్ని కొలిచే మోస్ స్కేలు మీద ఈ ఇసుక 7 దగ్గర ఉంటుంది. పిస్టన్ చేసే అల్యూమినియం దాని ముందు చాలా మెత్తన. ఇలాంటి రేణువులు లోపలికి వెళ్లి నూనెతో కలిస్తే తయారయ్యేది వాల్వులు అరగదీయడానికి మెకానిక్‌లు వాడే పేస్టు లాంటిదే. పిస్టన్ పైకి, కిందికి ఆడిన ప్రతిసారీ రింగులను, బోరును కొంచెం కొంచెంగా గీకేస్తుంది.

వీపున మోసే పంపుల్లో ఎక్కువ భాగం టూ స్ట్రోక్ ఇంజిన్లు. వీటిలో నష్టం ఇంకాస్త ఎక్కువ. ఎందుకంటే టూ స్ట్రోక్‌లో పీల్చిన గాలి నేరుగా పిస్టన్ పైకి వెళ్లదు. ముందు కింద క్రాంక్ ఉండే గదిలోకి వెళ్లి, అక్కడి నుంచి పైకి వస్తుంది. దుమ్ము కూడా అదే దారి. రింగులతో పాటు క్రాంక్ బేరింగులూ అరుగుతాయి. షాపులో ‘కింద శబ్దం వస్తోంది, విప్పాలి’ అన్నారంటే ఖర్చు పెరిగినట్టే.

లింటు, మందు తుంపర, మిర్చి దుమ్ము

మన దగ్గర ఫిల్టర్‌కు మట్టి ఒక్కటే శత్రువు కాదు. పత్తి పగిలాక గాలిలో తేలే దూది పీచు మూత జాలీకి అతుక్కుంటుంది. అది ఫిల్టర్‌నే కాదు, ఇంజిన్ చుట్టూ ఉండే రెక్కల మధ్య ఇరుక్కుని చల్లదనాన్ని కూడా ఆపేస్తుంది. ఈ ఇంజిన్లకు రేడియేటర్ ఉండదు. రెక్కల మీదుగా వెళ్లే గాలే దిక్కు. పత్తి చేలో వాడిన పంపుకు ఫిల్టర్ ఒక్కటి కడిగి, తాడు ఉండే కవర్ చుట్టూ పట్టిన పీచు వదిలేస్తే సగం పనే చేసినట్టు.

మందు కొట్టేటప్పుడు గాలి వాలు మారిందంటే తుంపర మొత్తం ఇంజిన్ మీదకే వస్తుంది. తడిసిన స్పాంజికి దుమ్ము అతుక్కుంటే గట్టి పెచ్చు కడుతుంది. ఇక మిర్చి కోతలు, కల్లాల రోజుల్లో ఎండు మిర్చి దుమ్ము సంగతి చెప్పక్కర్లేదు.

అందుకే ఒక పని అస్సలు చేయొద్దు. ఫిల్టర్ తీసి నోటితో ఊదడం. ఇది మన దగ్గర మామూలుగా జరిగేదే. ఆ స్పాంజిలో ఉన్నది మట్టి ఒక్కటే అయితే ఫర్వాలేదు కానీ, నెల రోజులుగా కొట్టిన పురుగుమందులన్నీ దాన్లోనే ఇంకి ఉంటాయి. ఊదితే లేచేది కళ్లలోకి, ముక్కులోకే. చేతికి గ్లౌజులు వేసుకుని, పిల్లలు, పశువుల తొట్లు లేని చోట విప్పడం మంచిది. కడిగిన నీళ్లు కాలువలో, చెరువులో పోయొద్దు.

అన్నిటికంటే ఫిల్టర్‌కు అగ్నిపరీక్ష పెట్టేది మాత్రం పవర్ వీడర్. పత్తి సాళ్ల మధ్య గుంటక తోలే ఎద్దులు తగ్గిపోయాక ఈ మిషన్లు వచ్చాయి. తిరిగే బ్లేడ్లు మట్టిని లేపుతుంటే, ఇంజిన్ సరిగ్గా దాని పైనే కూర్చుని ఆ గాలినే పీల్చుకుంటుంది. తైవాన్ పంపు పది రోజుల్లో తినే దుమ్ము వీడర్ ఒక్క పూటలో తినేసినా ఆశ్చర్యం లేదు.

మాన్యువల్ చెప్పేది ఒకటి, చేలో జరిగేది ఒకటి

వీడర్లు, నీటి పంపుల మీద ఎక్కువగా కనిపించే రకం ఇంజిన్‌కు మంచి ఉదాహరణ హోండా జీఎక్స్160. 163 సీసీ, ఫోర్ స్ట్రోక్. దీన్ని పోలిన ఇంజిన్లు బోలెడు కంపెనీలు తయారు చేస్తున్నాయి. సరదా పార్కుల్లో గంటకింత అని అద్దెకిచ్చే గో-కార్ట్‌ల వెనక ఉండేది కూడా చాలాచోట్ల ఈ కుటుంబం ఇంజినే. అక్కడ అది నున్నటి ట్రాక్ మీద తిరుగుతుంది. ఇక్కడ నల్లరేగడిలో.

ఈ ఇంజిన్ మాన్యువల్ ప్రకారం ఫిల్టర్‌ను వాడే ప్రతిసారీ చూడాలి. మూడు నెలలకోసారి లేదా 50 గంటలకోసారి, ఏది ముందు వస్తే అప్పుడు శుభ్రం చేయాలి. దుమ్ములో వాడితే ఇంకా తరచుగా చేయాలి. చాలామంది ‘మూడు నెలలు’ అన్న మాట గుర్తుపెట్టుకుంటారు, ‘50 గంటలు’ అన్నది వదిలేస్తారు. తేడా అంతా అక్కడే వస్తోంది. రోజుకు ఆరు గంటలు కూలికి మందు కొట్టే మనిషి పంపుకు 50 గంటలు అంటే ఎనిమిది, తొమ్మిది రోజులు. దుమ్ము లెక్క కూడా కలిపితే వారానికి ఒకసారి, వీడర్‌కైతే పని చేసిన ప్రతి రోజూ సాయంత్రం మూత విప్పి చూడటం సరైన లెక్క. సీజన్‌కు ఒకసారి షాపులో ‘సర్వీసింగ్’ చేయించామంటే సరిపోదు.

స్పాంజి కడగడం ఇలా

ముందు ఇంజిన్ ఆపి చల్లారనివ్వండి. మూత విప్పే ముందే పైన ఉన్న మట్టిని గుడ్డతో తుడిచేయాలి. చోక్ మూసి పెట్టండి. ఫిల్టర్ తీయగానే పైనున్న దుమ్ము కార్బొరేటర్ మూతిలో పడకుండా అది అడ్డు ఉంటుంది. ఈ చిన్న జాగ్రత్త పాటించేవాళ్లు చాలా తక్కువ.

స్పాంజిని గోరువెచ్చని నీళ్లలో, బట్టల సబ్బు పొడి కలిపి మెల్లగా నొక్కుతూ కడగాలి. తువ్వాలు పిండినట్టు మెలిపెట్టొద్దు, చిరిగిపోతుంది. మురికి వదిలాక మంచినీళ్లలో సబ్బంతా పోయేదాకా కడిగి, నీడలో పూర్తిగా ఆరనివ్వాలి. తడి తడిగా పెట్టేస్తే నీళ్లే గాలికి అడ్డం పడతాయి. అందుకే తెలివైన ఆపరేటర్లు రెండు స్పాంజిలు కొని ఉంచుకుంటారు. ఒకటి ఆరుతుంటే రెండోది ఇంజిన్‌లో ఉంటుంది.

పెట్రోలుతో కడగడం చాలా ఊళ్లలో అలవాటు. త్వరగా మురికి వదులుతుంది, నిజమే. కానీ పక్కనే వేడి సైలెన్సర్, చేతిలో పెట్రోలు గిన్నె. నిప్పు రాజుకోవడానికి ఇంకేం కావాలి? పైగా మళ్లీ మళ్లీ పెట్రోలులో నానితే స్పాంజి పెళుసెక్కి పొడిపొడిగా రాలుతుంది. ఆ రాలిన ముక్కలను ఇంజినే మింగుతుంది.

ఆరాక అసలు పని. నూనె పట్టించడం. జీఎక్స్160 లాంటి ఇంజిన్లలో స్పాంజిని శుభ్రమైన ఇంజిన్ ఆయిల్‌లో ముంచి, మిగులు నూనె కారకుండా గట్టిగా నొక్కి తీసేయాలి. చేతికి జిడ్డు తెలియాలి కానీ బొట్టు కారకూడదు. దుమ్మును పట్టేది రంధ్రాలు కాదు, ఈ జిడ్డే. పొడి స్పాంజిలోంచి సన్నటి దుమ్ము దూసుకుపోతుంది. అలాగని నూనె మరీ ఎక్కువైతే స్టార్ట్ చేయగానే పొగ కమ్ముకుంటుంది. రింగులు పోయాయేమో అని కంగారు పడి షాపుకు పరుగెత్తేవాళ్లు ఉన్నారు. మరోసారి పిండితే సరిపోయేది.

ఒక జాగ్రత్త. అన్ని పంపుల్లో నూనె పట్టించకూడదు. కొన్నింటిలో నమ్దా లాంటి మందపాటి బట్ట, కొన్నింటిలో నైలాన్ జాలీ ఉంటుంది. వాటిని పొడిగానే వాడాలి. మీ పంపుతో వచ్చిన పుస్తకంలో బొమ్మతో సహా ఉంటుంది. పుస్తకం ఎక్కడో పోయి ఉంటే కొన్న షాపులో మోడల్ పేరు చెప్పి అడగండి. మార్చి తీసిన నల్ల ఆయిలు, వంటనూనె మాత్రం ఎందులోనూ వద్దు.

పేపర్ ఫిల్టర్‌కు నీళ్లు తగలకూడదు

పెద్ద ఇంజిన్లలో స్పాంజి లోపల మడతలు మడతలుగా పేపర్ ఫిల్టర్ ఉంటుంది. దీనికి నీళ్లూ వద్దు, నూనే వద్దు. గట్టి బల్ల మీద మెల్లగా నాలుగైదుసార్లు తట్టితే దుమ్ము రాలుతుంది. బ్రష్‌తో రుద్దితే దుమ్ము ఇంకా లోపలికి వెళ్తుంది.

గాలి కొట్టాలంటే లోపలి నుంచి బయటకు కొట్టాలి. అది కూడా 30 పీఎస్ఐ దాటకూడదని మాన్యువల్ చెబుతోంది. ఇంచుమించు బైక్ టైరులో ఉండే ప్రెషర్. పంక్చర్ షాపు కంప్రెసర్ ట్యాంకులో అంతకంటే చాలా ఎక్కువ ఉంటుంది. ఆ గన్ను నేరుగా పేపర్‌కు ఆనించి కొడితే శుభ్రమైనట్టే కనిపిస్తుంది. కానీ సన్నటి చిల్లులు పడతాయి. ఇలా ‘కొత్తదానిలా మెరుస్తున్న’ ఫిల్టరే బోరును తినేస్తుంది. చిల్లు పడిందో లేదో చూడాలంటే ఫిల్టర్ లోపల సెల్‌ఫోన్ టార్చ్ పెట్టి చీకట్లో తిప్పి చూడండి. ఎక్కడైనా చుక్కలా వెలుగు సూటిగా వచ్చిందంటే దాని పని అయిపోయినట్టే. దుమ్ముతో పూర్తిగా మూసుకుపోయినా, అంచు రబ్బరు గట్టిపడినా మార్చేయాలి.

కాలువల కింద నీళ్లు తోడే డీజిల్ ఇంజిన్లలో మరో రకం ఉంది. అడుగున గిన్నెలో నూనె పోసి ఉంటుంది. గాలి దాని మీదుగా వెళ్తూ దుమ్మును అక్కడే వదులుతుంది. గిన్నె అడుగున బురద పేరుకుంటే నూనె పారబోసి, కడిగి, గీత వరకే కొత్త నూనె పోయాలి. గీత దాటితే ప్రమాదం. ఎక్కువైన నూనెను డీజిల్ ఇంజిన్ లోపలికి లాక్కుని దాన్నే ఇంధనంగా మండించుకుంటుంది. అప్పుడు డీజిల్ కట్ చేసినా ఆగకుండా రేస్ పెరిగిపోయే పరిస్థితి రావచ్చు.

తప్పు ఫిల్టర్‌దా, ఇంకోటా?

ఈ తేడా తెలిస్తే అనవసర ఖర్చు తప్పుతుంది. ఫిల్టర్ మూసుకుంటే గాలి తగ్గి, పెట్రోలు పాళ్లు పెరుగుతాయి. నల్ల పొగ, మసి పట్టిన ప్లగ్గు, పెట్రోలు త్వరగా అయిపోవడం, రేస్ ఇచ్చినప్పుడు దిగిపోవడం దాని గుర్తులు. వీపు మీద ఇంజిన్ మోస్తున్న మనిషికి ఆ పొగ మూరెడు దూరంలోనే ఉంటుంది. సరిగ్గా కాలని పెట్రోలు పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువ. సాయంత్రానికి తల దిమ్ముగా ఉందంటే అది మందు ఘాటు వల్లే అనుకుంటారు కానీ, పొగ వాటా కూడా ఉండొచ్చు.

దీనికి రివర్స్‌లో, చోక్ వేస్తేనే నడుస్తూ, తీయగానే ఆగిపోతుంటే ఫిల్టర్‌ను అనుమానించక్కర్లేదు. పెట్రోలు సరిగ్గా అందడం లేదు, లేదా ఎక్కడో గాలి లీకవుతోంది. జెట్, పెట్రోలు పైపు, కార్బొరేటర్ గ్యాస్కెట్ చూడాలి.

తాడు లాగుతుంటే ఎదురు బిగువు లేకుండా వదులుగా వచ్చేస్తోందా? కంప్రెషన్ పోయినట్టు లెక్క. అప్పటికి దుమ్ము తన పని చేసేసింది. కొత్త ఫిల్టర్ పెట్టినా పోయిన బోరు తిరిగిరాదు.

ఇంకో చిన్న పరీక్ష. ఫిల్టర్ తీశాక కార్బొరేటర్ మూతి లోపల తెల్లటి గుడ్డతో తుడవండి. గుడ్డకు మట్టి అంటిందంటే ఫిల్టర్ ఎక్కడో వదిలేస్తోంది. చిరిగి అయినా ఉండాలి, అంచులు సరిగ్గా కూర్చోకపోయినా ఉండాలి, మూత పగిలైనా ఉండాలి. పగిలిన మూతను ఇనప తీగతో కట్టి నడిపే పంపులు మన ఊళ్లలో కొదవలేదు. సందు ఉంటే గాలి ఫిల్టర్‌లోంచి రాదు, సందులోంచే వస్తుంది.

‘ఫిల్టర్ తీసేస్తే బాగా లాగుతోంది’

చేలో వినిపించే మాటల్లో ఇదే ప్రమాదకరమైనది. మూసుకుపోయిన ఫిల్టర్ తీస్తే ఇంజిన్ ఒక్కసారిగా హుషారవుతుంది, అందులో అబద్ధం లేదు. ఫిల్టర్ మూసుకుందని తేల్చుకోవడానికి దుమ్ము లేని చోట కొన్ని సెకన్లు అలా నడిపి చూస్తే చూడొచ్చు. కానీ ఆ రోజంతా, ఆ సీజనంతా అలాగే నడిపేవాళ్లు ఉన్నారు. దుమ్ము సంగతి అటుంచితే, ఇంజిన్ తయారు చేసినప్పుడు ఫిల్టర్ ఉంటుందనే లెక్కతోనే గాలి, పెట్రోలు పాళ్లు కుదిర్చారు. తీసేస్తే గాలి ఎక్కువై పెట్రోలు పలచబడుతుంది. టూ స్ట్రోక్‌లో పెట్రోలుతో పాటే నూనె వస్తుంది కాబట్టి నూనె కూడా తగ్గినట్టే. ఇంజిన్ వేడెక్కుతుంది. పిస్టన్ పట్టేసే ముప్పు పెరుగుతుంది.

కొందరు పాత పరుపులోని స్పాంజి కోసి పెడతారు. దాని రంధ్రాలు ఒక తీరుగా ఉండవు. పెట్రోలు ఆవిరికి, నూనెకు మెత్తబడి విడిపోతుంది కూడా. పంపు కొన్న ధరతో గానీ, బోరు కిట్ ధరతో గానీ పోలిస్తే అసలు ఫిల్టర్ ఖరీదు ఏపాటిది? కాకపోతే చిన్న ఊళ్లలో సరైన సైజు దొరకదన్న మాట నిజం. పాత ముక్కను పట్టుకెళ్లి చూపించి, సీజన్ మొదలవ్వకముందే రెండు మూడు తెచ్చుకుంటే పురుగు కనిపించిన రోజు పరుపు కోసే అవసరం రాదు.

పంట అయిపోయాక పంపును కడిగి కొట్టంలో పెట్టేటప్పుడు ఇంజిన్ మీద పైపుతో నీళ్లు కొట్టడం మానుకోవాలి. మూత సందులోంచి దిగిన నీళ్లు ఫిల్టర్‌ను తడిపి, అక్కడి నుంచి కార్బొరేటర్‌లోకి చేరతాయి. ట్యాంకులో, కార్బొరేటర్‌లో పెట్రోలు ఖాళీ చేసి, ఫిల్టర్ కడిగి, ఆరబెట్టి, నూనె రాసి పెట్టేయండి. ఐదారు నెలల తర్వాత మళ్లీ బయటకు తీసిన రోజు తాడు లాగే ముందు మూత ఒకసారి విప్పి చూడండి. కొట్టంలో ఎలుకలుంటే ఆ మెత్తటి స్పాంజి వాటికి భలే ఇష్టం.